రక్తమార్పిడికి ప్లేట్‌లెట్ల తయారీ

దాత ఇచ్చిన రక్తం నుండి ప్లేట్‌లెట్లను వేరుచేసి, కొద్దిపాటి ప్లాస్మాలో గాఢంగా ఉండేట్లు సిద్ధపరచి రోగులకు ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లు లేదా రక్తఫలకికలు 2 నుండి 3 మైక్రాన్ల వ్యాసం గల, కేంద్రకం లేని కణాలు. గాయమైన చోట ఇవి గుమిగూడి రక్తస్రావాన్ని ఆపుతాయి. ఆరోగ్యవంతుల రక్తంలో ప్రతి మైక్రోలీటరుకు 1,50,000 నుండి 4,50,000 వరకు ఉంటాయి. డెంగీ, రక్త క్యాన్సర్, కీమోథెరపీ మొదలగు కారణాల వలన ఈ సంఖ్య తగ్గుతుంది.

తయారీ విధానం

భారతదేశంలో దాత నుండి ఒకసారికి 350 లేదా 450 మి.లీ. రక్తం సేకరిస్తారు. గాలి సోకకుండా గొట్టాలతో ఒకదానికొకటి కలిపిన సంచులను ఇందుకు వాడతారు. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో మొదట తక్కువ వేగంతో తిప్పుతారు. అపుడు బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరతాయి, ప్లేట్‌లెట్లు ప్లాస్మాలోనే ఉండిపోతాయి. ఈ ప్లాస్మాను మరొక సంచిలోకి పంపి, ఎక్కువ వేగంతో తిప్పినపుడు ప్లేట్‌లెట్లు అడుగున పేరుకుంటాయి. పైనున్న ప్లాస్మాలో సుమారు 50 నుండి 70 మి.లీ. మాత్రమే ఉంచి మిగిలినది తీసివేస్తారు. గంటసేపు కదపకుండా ఉంచిన తరువాత ప్లేట్‌లెట్లను మెల్లగా ఆ ప్లాస్మాలో కలుపుతారు. ఈ విధంగా ఒక్క దాత రక్తం నుండి ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు మూడూ లభిస్తాయి.

ఇటువంటి ఒక యూనిట్ వలన పెద్దవారిలో ప్లేట్‌లెట్ల సంఖ్య సాధారణంగా 5,000 నుండి 10,000 వరకు పెరుగుతుంది. కనుక ఒక రోగికి పలువురు దాతల యూనిట్లు కావలసి వస్తుంది. అఫెరిసిస్ అనే పద్ధతిలో యంత్రం ఒకే దాత నుండి ప్లేట్‌లెట్లను తీసుకొని, మిగిలిన రక్తాన్ని తిరిగి అతనికే పంపుతుంది. ఇందులో లభించే ఒక యూనిట్ 30,000 నుండి 60,000 వరకు పెంచగలదు.

నిల్వ

ఎర్రకణాలను శీతలీకరించి 35 నుండి 42 రోజులు ఉంచవచ్చు. ప్లేట్‌లెట్లను మాత్రం 20-24 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, నిరంతరం మెల్లగా కదుపుతూ, 5 రోజులు మాత్రమే నిల్వ చేస్తారు. చల్లబరచిన ప్లేట్‌లెట్లు ఎక్కించిన తరువాత శరీరంలో త్వరగా నశిస్తాయని 1969లో అమెరికా పరిశోధకులు మర్ఫీ, గార్డ్‌నర్ చూపారు. అయితే ఈ ఉష్ణోగ్రత వద్ద బాక్టీరియా కూడా పెరగగలదు. నిల్వకాలం స్వల్పంగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

గ్రామీణ ప్రాంతాలలో

బాపట్ల జిల్లాలోని పర్చూరు వంటి చోట రక్తదాన శిబిరం జరిగినపుడు, ప్లేట్‌లెట్ల కొరకు ఉద్దేశించిన రక్తాన్ని మంచుగడ్డలపై ఉంచరాదు. దానిని 20-24 డిగ్రీల వద్దనే ఉంచి, రక్త భాగాలను వేరుచేసే సదుపాయం గల కేంద్రానికి చేర్చి, 6 నుండి 8 గంటలలోపు వేరుచేయాలి. దాత అంతకుముందు మూడు రోజులలో ఆస్పిరిన్ వాడి ఉంటే ఆ రక్తం నుండి ప్లేట్‌లెట్లు తయారుచేయరు. వేసవిలో ఇచ్చిన ప్లేట్‌లెట్లు వర్షాకాలపు డెంగీ రోగులకు అందవు. అందువలన దాతలు ఏడాది పొడవునా అవసరమవుతారు.

డెంగీలో ఉపయోగం

సంఖ్య తగ్గిన ప్రతి డెంగీ రోగికీ ప్లేట్‌లెట్లు ఎక్కించనవసరం లేదు. భారతదేశపు జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్తస్రావం లేనపుడు సంఖ్య 10,000 కంటే తగ్గితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించే విషయం పరిశీలిస్తారు. సింగపూరు, మలేషియాలలో జరిగి 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, సంఖ్య 20,000 లేదా అంతకంటే తక్కువ ఉన్న పెద్దలకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వలన రక్తస్రావం తగ్గలేదని తేలింది. పైగా దురద, దద్దుర్లు వంటి దుష్ఫలితాలు కలుగవచ్చు. అనవసరంగా వాడిన ప్రతి యూనిట్, ఐదు రోజులలోపు దాని అవసరం నిజంగా ఉన్న మరొక రోగికి అందకుండా పోతుంది.