మీకు తెలుసా? ఒక గంట గుండెదడకు 250 చీరల పొడవు!

మా మద్దికెరలో శివరాత్రి జాగారమంటే ఒకప్పుడు అద్దెకు తెచ్చిన కలర్ టీవీ, దాని పక్కన వీడియో డెక్కు, డెక్కు మీద మూడు క్యాసెట్లు! తెల్లవారుజామున మూడో క్యాసెట్ సస్పెన్స్ కథయితే ఇక కునుకు పట్టేదే కాదు. ఆ రాత్రుల్లో పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇప్పుడు నేను డిస్కుల్లో వెతికి వెతికి చూస్తున్నవి బ్రిటన్ టీవీ వాళ్ళ పాత సస్పెన్స్ నాటకాలు. వారానికో కొత్త కథ, కొత్త మనుషులు, కొత్త హత్య! వాటి వెంటపడితే దొరికిన వింతలు ఇవిగో, పిల్లలూ పెద్దలూ పంచుకోండి.

మూడు గంటల వీడియో క్యాసెట్‌లో ఎంత టేపు ఉంటుందో ఊహించండి చూద్దాం! దాదాపు 252 మీటర్లు. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన చీర అయిదున్నర మీటర్లనుకుంటే, 45 చీరలు వరసగా పరిచినా టేపు ఇంకా కాస్త మిగులుతుంది!

అది ఇంట్లో ఆడే క్యాసెట్ సంగతి. 1960, 70ల్లో స్టూడియోల్లో వాడిన టేపు ఇంకో రాక్షసి! రెండు అంగుళాల వెడల్పు, సెకనుకు దాదాపు 15 అంగుళాల పరుగు. ఒక గంట నాటకానికి సుమారు 1,370 మీటర్లు కావాలి, అంటే దగ్గర దగ్గర 250 చీరలు! పెళ్ళివారి బట్టల కొట్టు మొత్తం చుట్టచుట్టి ఒక చక్రానికి ఎక్కించినట్టే.

దసరాకు మా ఊళ్ళో యాదవ రాజుల వంశీకులు గుర్రాలు దౌడు తీయిస్తారు, చూశారా? పందెపు గుర్రం ఎంత ప్రాణం పెట్టి పరిగెత్తినా గంటకు 70 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆ స్టూడియో టేపు యంత్రంలో బొమ్మను చదివే చిన్న చక్రం మాత్రం నిమిషానికి 15,000 సార్లు తిరుగుతూ, గంటకు దాదాపు 150 కిలోమీటర్ల వేగంతో టేపును రాసుకుంటూ పోయేది. గుర్రానికి రెట్టింపు! మన ఇంటి డెక్కులోని చక్రం వేగం 17 కిలోమీటర్లే, మంచి సైకిలు తొక్కుడు.

బ్రయన్ క్లెమెన్స్ అనే రచయిత సృష్టించిన ‘థ్రిల్లర్’ 1973 నుంచి 1976 వరకు వచ్చింది, మొత్తం 43 కథలు! కథకు గంట చొప్పున లెక్కేసినా టేపు పొడవు 59 కిలోమీటర్లు, ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్ళి రావచ్చు. ఇప్పుడు ఆ కథలన్నీ చంకలో పెట్టుకునేంత డిస్కుల పెట్టెలో ఇమిడిపోయాయి. ఈ ధారావాహిక మొదలయ్యే తీరే నాకు మహా ఇష్టం. మనిషి జాడ లేని ఇల్లు, ఖాళీ దారి, వంగిపోయినట్టు కనిపించే గోడలు, చుట్టూ ఎర్రటి అంచు! ఒక్క హత్యా జరగకముందే అరచేతులు చల్లబడతాయి.

ఇక గుండె తరుక్కుపోయే లెక్క. బీబీసీ వాళ్ళ ‘అవుట్ ఆఫ్ ది అన్‌నోన్’ 49 కథల్లో పూర్తిగా మిగిలినవి 20! ‘లేట్ నైట్ హారర్’ ఆరు కథల్లో మిగిలింది ఒకే ఒక్కటి! టేపు ఖరీదైన వస్తువు కాబట్టి పాత నాటకాన్ని చెరిపేసి అదే టేపు మీద కొత్త కార్యక్రమం ఎక్కించేవారు.

మనమూ అదే పని చేశాం, గుర్తుందా? వీడియో క్యాసెట్ వీపు మీద ఓ చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది, అది విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఇక రికార్డు కాదు. విరిచిన చోట సెల్లోటేపు ముక్క అంటిస్తే మళ్ళీ అవుతుంది! మా ఇంట్లో ఒక క్యాసెట్ మీద ఇప్పటికీ ఆ ముక్క పసుపు రంగు తిరిగి, అంచుకు దుమ్ము పట్టి అతుక్కునే ఉంది. దాని మీద మొదట ఏ కథ ఉండేదో ఎవరికీ గుర్తులేదు, ఇప్పుడున్నది మా చిన్నాయన పెళ్ళి! క్యాసెట్ తలుపు ఎత్తి చూస్తే టేపు అంచున తెల్లగా బూజు, ముగ్గుపిండి చల్లినట్టు. అలాంటి క్యాసెట్‌ను తుడవకుండా డెక్కులో పెట్టకండి, ఆ బూజు చక్రానికి అంటి తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది.

పోయిందనుకున్నది ఎక్కడ దొరుకుతుందో ఎవరు చెప్పగలరు? బీబీసీ వాళ్ళ ధారావాహిక ‘డాక్టర్ హూ’ పాత భాగాలు తొమ్మిది 2013లో బయటపడ్డాయి, ఎక్కడో తెలుసా? నైజీరియాలోని జోస్ పట్టణంలో! విదేశీ టీవీ కేంద్రాలకు పంపిన ఫిల్ము నకళ్ళు అక్కడే ఓ మూల ఉండిపోయాయి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కాస్త కూర్చుని చదవండి. 1958 నవంబరు 30. బ్రిటన్ టీవీ నాటకాల వరుస ‘ఆర్మ్‌చెయిర్ థియేటర్’లో ‘అండర్‌గ్రౌండ్’ అనే నాటకం మాంచెస్టర్ నుంచి నేరుగా ప్రసారమవుతోంది. అణుబాంబు పడ్డాక లండన్ భూగర్భ రైలు సొరంగంలో చిక్కుకున్నవాళ్ళ కథ. అందులో గారెత్ జోన్స్ అనే యువనటుడి పాత్రకు గుండెపోటు రావాలి. రెండు సన్నివేశాల మధ్య, కెమెరా అతని మీద లేని క్షణంలో, ఆ నటుడికి నిజంగానే గుండెపోటు వచ్చి ప్రాణం పోయింది! ప్రసారం ఆపే వీలు లేదు. మిగతా నటులు అతని మాటల్ని అప్పటికప్పుడు తమలో పంచుకుని నాటకం చివరిదాకా నడిపించారు. ఆ నాటకాన్ని నడిపిన దర్శకుడు టెడ్ కాచెఫ్. సిల్వెస్టర్ స్టాలోన్‌ను రాంబోగా చూపించిన 1982 నాటి తొలి సినిమా ‘ఫస్ట్ బ్లడ్’ తీసింది ఆయనే!

బ్రిటన్ నుంచి తెచ్చిన క్యాసెట్ మన డెక్కులో ఆడుతుంది, అమెరికా నుంచి చుట్టాలు పంపింది ఆడదు! అప్పట్లో మనదీ బ్రిటన్‌దీ సెకనుకు 25 బొమ్మల పాల్ పద్ధతి, అమెరికాది సుమారు 30 బొమ్మల ఎన్‌టీఎస్‌సీ పద్ధతి.

డీవీడీ వచ్చాక తమాషా తిరగబడింది! ప్రపంచాన్ని మండలాలుగా విడగొట్టి బ్రిటన్‌కు 2, మనకు 5 ఇచ్చారు. దాంతో అన్ని మండలాల డిస్కులూ ఆడించే ప్లేయర్ లేకపోతే బ్రిటన్ డిస్కు మన ఇంట్లో మొరాయిస్తుంది. ఆ పలుచని డిస్కు మీద ఉన్న సన్నటి చుట్ల గీతను విప్పి సాగదీస్తే 11 కిలోమీటర్లు దాటుతుంది, నమ్మండి!

వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు నుంచి సినిమా దర్శకుడు వచ్చాడంటే? హైదరాబాద్ అమీర్‌పేటలో అలాంటి దుకాణం నడిపిన కుర్రాడే 1989లో ‘శివ’ తీసిన రామ్‌గోపాల్ వర్మ! ఆయన నిర్మించిన ‘డర్నా మనా హై’ 2003లో వచ్చింది, ఒకే సినిమాలో ఆరు వేర్వేరు భయాలు. కొట్టులో అరల నిండా కథల మధ్య కూర్చున్న మనిషికి ఒక్క కథతో తృప్తి కలుగుతుందా మరి!

పిల్లలూ, ‘చార్లీ అండ్ ది చాకొలెట్ ఫ్యాక్టరీ’ మీకు తెలుసు కదా? ఆ తియ్యటి కథ రాసిన రోల్డ్ డాల్ పెద్దల కోసం విషం లాంటి కథలు కూడా రాశాడు! వాటితోనే 1979లో బ్రిటన్ టీవీలో ‘టేల్స్ ఆఫ్ ది అన్‌ఎక్స్‌పెక్టెడ్’ ధారావాహిక మొదలైంది. తొలి రోజుల్లో ఆయనే నెగడు పక్కన కుర్చీలో కూర్చుని కథను పరిచయం చేసేవాడు. ఇతర రచయితల కథలూ కలుపుకుని 1988 దాకా 112 భాగాలు నడిచింది. సంస్కృతంలో బేతాళుడు విక్రమార్కుడి భుజం మీద నుంచి చెప్పినవి 25 కథలే, వీళ్ళవి నాలుగింతలు పైనే! బేతాళుణ్ణి దశాబ్దాల తరబడి మాట్లాడించిన మన చందమామ మాత్రం ఎవరికీ తీసిపోదు.

‘టేల్స్ ఆఫ్ ది అన్‌ఎక్స్‌పెక్టెడ్’కు సంగీతం కట్టిన రాన్ గ్రెయినర్, ‘డాక్టర్ హూ’కు బాణీ కట్టిన మనిషే!

డాల్ కథల్లో ఒకటి మన దేశంలోనే జరుగుతుంది. రాత్రివేళ పక్క మీద కదలకుండా పడుకున్న దొర, దుప్పటి కింద తన పొట్ట మీద కట్లపాము నిద్రపోతోందంటాడు. డాక్టర్ గండేర్‌బాయి చెమటలు కక్కుతూ ఆ దుప్పటి కిందికి మందు పంపిస్తాడు. ఈ ‘పాయిజన్’ను 1958లో హిచ్‌కాక్ స్వయంగా టీవీకి తీశాడు, 1980లో బ్రిటన్ వాళ్ళు తీశారు, 2023లో మళ్ళీ ఇంకొకరు తీశారు! కళ్ళంలో గడ్డివాము మీద పడుకున్న అనుభవం ఉన్నవాళ్ళకు ఆ కథ చూపించండి, ఊపిరి బిగబట్టి కాళ్ళు ముడుచుకుంటారు.

ఆయనదే మరో కథ, ‘లాంబ్ టు ది స్లాటర్’. గడ్డకట్టిన గొర్రె తొడతో భార్య భర్త నెత్తిన ఒక్కటి వేస్తుంది, ప్రాణం పోతుంది. పోలీసులు ఇల్లంతా గాలిస్తారు, ఆయుధం దొరకదు. ఇంతలో వంటింట్లోంచి కమ్మటి వాసన! ఆయుధం ఏమైంది? తెలిసీ చెప్పకపోతే తలకు ఏమవుతుందో బేతాళుడు ఎప్పుడో చెప్పి ఉన్నాడు కదా!