ఈరోజు ఏముంది? మాంచెస్టర్ లిస్టుకీ మన మైకు ఆటోకీ తేడా ఎక్కడ?

ఈ ఎపిసోడ్ నేను తిట్లు తిన్న దగ్గర మొదలవుతుంది.

పోయిన శివరాత్రికి నేను చుండూరులోనే ఉన్నా. రాత్రి ఏం తోచక బండేసుకుని తెనాలి వెళ్ళి ఫ్రెండ్స్‌తో సెకండ్ షో సినిమా చూసి వచ్చా. పొద్దున్నే మా చిన్నతాత ఇంటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మీద రంగు ఇంకా పూర్తిగా పోలా. "ఏరా, రాత్రి రాలేదేంది?" అన్నాడు. ఎక్కడికి తాతా అన్నా. పక్క ఊరి శివాలయం దగ్గర సత్యహరిశ్చంద్ర ఆడారంట. పదకొండేళ్ళ తర్వాత చిన్నతాత మళ్ళీ నక్షత్రకుడు వేశాడంట. ఆయనకి 74 ఏళ్ళు. మళ్ళీ వేస్తాడో లేదో ఎవరికి తెలుసు? అక్కడికి నేను బండి మీద ఇరవై నిమిషాల దూరంలో ఉన్నా. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఫైవ్ జీ. నాకు తెలీదు.

"మైకులో చెప్పారుగా" అన్నాడు తాత. చెప్పే ఉంటారు. నా చెవుల్లో ఇయర్‌బడ్స్ ఉన్నాయి.

నాకు ఎక్కడ కాలిందంటే, అంతకు రెండేళ్ళ ముందు ఆఫీసు పని మీద మాంచెస్టర్‌లో ఐదు నెలలు ఉన్నా. అక్కడ నాకు చుట్టం లేడు, పక్కం లేడు. అయినా శనివారం పొద్దున ఎనిమిదింటికల్లా ఆ రోజు ఊళ్ళో ఏమేం ఉన్నాయో నాకు తెలిసేది. ఏ హాల్లో ఏ నాటకం, టికెట్ ఎంత, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి అయిపోతుంది, వీల్ చైర్ వెళ్తుందా లేదా, అన్నీ. బ్రిడ్జ్‌వాటర్ హాల్లో హాలే ఆర్కెస్ట్రా కచేరీ ఉందా, ఆర్ట్ గ్యాలరీలో కొత్తగా ఏం పెట్టారు, అన్నీ ఫోన్లోనే. కావాలంటే రైలెక్కి గంటలోపు లివర్‌పూల్ వెళ్ళి కేవర్న్ క్లబ్‌లో మధ్యాహ్నం పూటే పాటలు విని, రాత్రికి తిరిగొచ్చి ఇంకోటి చూడొచ్చు.

ఒక శనివారం రాయల్ ఎక్స్చేంజ్ థియేటర్‌కి వెళ్ళా. మన గుంటూరు వాళ్ళకి ఇది చెప్పాలి. అది ఒకప్పుడు పత్తి బేరాలు జరిగిన హాలు. 1968లో అక్కడ వ్యాపారం ఆగిపోయింది. 1976లో ఆ పెద్ద హాలు మధ్యలో, స్తంభాలకి వేలాడదీసినట్టు, స్టీలూ గాజుతో ఏడు పక్కల నాటకశాల కట్టారు. చివరి రోజు పత్తి ధరలు రాసిన బోర్డు మాత్రం పైన అలాగే ఉంచేశారు. స్టేజి మధ్యలో ఉంటుంది, చుట్టూ మనం కూర్చుంటాం. మన ఊళ్ళో కోలాటం చూసినట్టే అనుకోండి. నాకు భాష సగమే అర్థమైంది, అయినా చివరిదాకా కూర్చున్నా.

అప్పుడు నేననుకున్నా, వీళ్ళకి కళలంటే ప్రాణం, మనకి లేదు అని. అది తప్పు. మనకి లేనిది కళ కాదు, లిస్టు. అదెలాగో చెప్తా.

ఎడిన్‌బరో ఫ్రింజ్ పేరు వినే ఉంటారు. ఆగస్టులో జరుగుతుంది. 1947లో అక్కడ పెద్ద అంతర్జాతీయ ఉత్సవం మొదలుపెట్టారు. దానికి పిలుపు లేని ఎనిమిది నాటక బృందాలు మేమూ ఆడతాం అని వచ్చి, దొరికిన చోట ఆడేశాయి. పెళ్ళికి పిలవకపోయినా వచ్చి బంతిలో కూర్చున్నట్టు. మొదట్లో ఎవరు ఎక్కడ ఆడుతున్నారో ఎవరికీ తెలిసేది కాదు. 1954లో ఆ ఊళ్ళోనే ఉన్న ఒక ప్రింటింగ్ ప్రెస్ ఆయన అందరి వివరాలూ కలిపి ఒకే పుస్తకంగా వేశాడు. ఆయన నటుడు కాదు, సర్కారు కాదు. ప్రెస్ ఆయన! తర్వాత 1958లో ఫ్రింజ్ సొసైటీ పెట్టుకున్నారు. నాకు బాగా నచ్చింది ఇదే: ఎవరు ఆడాలి, ఎవరు ఆడకూడదు అని ఆ సొసైటీ ఎంచదు. వివరాలు సేకరించడం, పుస్తకం వేయడం, టికెట్లు అమ్మడం దాని పని.

లండన్‌లో కూడా అంతే. 1968లో టోనీ ఎలియట్ అనే కాలేజీ కుర్రాడు, పుట్టినరోజుకి ఇంట్లోవాళ్ళు ఇచ్చిన డబ్బులతో, ఊళ్ళో ఎక్కడ ఏముందో ఒక కాగితం మీద వేసి మడతపెట్టి అమ్మాడు. అదే టైమ్ అవుట్. మొదట అది మన కరపత్రం లాంటిదే అన్నమాట.

ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లండన్‌లో బాంబుల భయానికి నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ తీసి వేరే చోట దాచేశారు. ఖాళీ గోడలు మిగిలాయి. రాత్రిపూట దీపాలార్పేసేవాళ్ళు, హాళ్ళు మూతపడ్డాయి. మైరా హెస్ అనే పియానిస్టు ఆ ఖాళీ గ్యాలరీలో మధ్యాహ్నం కచేరీలు మొదలుపెట్టింది. 1939 అక్టోబర్ నుంచి 1946 ఏప్రిల్ దాకా, సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజూ. టికెట్ ఒక షిల్లింగు. మొత్తం 1,698 కచేరీలు. జనం ఎందుకు వెళ్ళారంటే సంగీతం కోసమే, కాదనను. కానీ రోజూ ఉంటుంది, మధ్యాహ్నం ఉంటుంది, రేటు ఇంత అని నమ్మకంగా తెలుసు. ఆ నమ్మకం లేకపోతే బాంబుల్లో ఇల్లు కదిలి ఎవరొస్తారు?

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం, ఎందుకో అడిగితే నీళ్ళు నములుతాం. 1929లో సురభి వనారస గోవిందరావు గారు నాటక కళా పరిషత్తు మొదలుపెట్టింది తెనాలిలోనే. బాపట్ల కుర్రాడు స్థానం నరసింహారావు కథ ఇంకా బాగుంటుంది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర ఆడుతుంటే చంద్రమతి వేసే ఆయన రాలేదు. ఆ కొరత తీర్చడానికి ఈయన చీర కట్టాడు. అంతే, తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి సత్యభామగా, రోషనారగా తెలుగుదేశం మొత్తాన్ని ఊపేశాడు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ రోజు కరపత్రంలో చంద్రమతి పక్కన ఎవరి పేరుందో గానీ, చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చూసింది మాత్రం ఈయన్ని.

మన పద్య నాటకాల్లో పాత పోస్టర్లు ఎలా ఉండేవో చిన్నతాత చెప్పాడు. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. జనం నాటకం పేరు చూసి రారు, ఏ సీన్లో ఏ కృష్ణుడో చూసి వస్తారు. అంటే లిస్టు ఎలా ఉండాలో మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. కరపత్రం, గోడ పోస్టరు, మైకు కట్టిన రిక్షా, తర్వాత ఆటో. ఊరంతా వీధుల్లో ఉన్నప్పుడు అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు ఊళ్ళో సగం మంది ఇళ్ళల్లో టీవీ ముందు, మిగతా సగం నాలాగా ఫోన్లో. ఫ్లెక్సీ వేస్తారు, నిజమే. దాని మీద ముప్పై మంది దాతల ఫోటోలు ఉంటాయి. టైము మాత్రం ఉండదు.

దీని వల్ల ఏం పోతుందో కమిటీలో ఉండే మా బాబాయి చెప్పాడు. నాటకానికి కుర్చీలు అద్దెకి తెస్తారు కదా, రాత్రి ఒంటిగంటకి ఎన్ని ఖాళీగా ఉన్నాయో కమిటీ వాళ్ళు చూసుకుంటారు. ఆ శివరాత్రికి రెండొందల కుర్చీలు తెస్తే నిండినవి అరవై. "వచ్చే ఏడు ఆర్కెస్ట్రా పెడదాంలే, కుర్రోళ్ళు వస్తారు" అన్నారంట. కుర్రోళ్ళకి ఇష్టం లేక రాలేదా, తెలీక రాలేదా అని ఎవరూ అడగలా. నేను తెలీక రాలేదు. నాలాంటి వాళ్ళు ఎంతమందో? కానీ బయానా పోయేది నాకు కాదు, హార్మోనియం ఆయనకి, తబలా ఆయనకి.

సరే, నేను బీటెక్ కదా, వెంటనే యాప్ కట్టా. లాగిన్, ఓటీపీ, మ్యాపు, అన్నీ. నెల రోజుల్లో పదకొండు మంది వాడారు, అందులో ఆరుగురు మా ఇంట్లోవాళ్ళే. తీసి పక్కన పెట్టేశా. ఇప్పుడు ఉన్నది ఒక షీట్, దానిలోంచి రోజూ సాయంత్రం నాలుగింటికి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ఒక బొమ్మ. తెనాలి, బాపట్ల, రేపల్లె, మధ్యలో మన ఊళ్ళు. అంతే.

ఆ షీట్ చేస్తూ నేర్చుకున్నది చాలా ఉంది. మాంచెస్టర్ కాలమ్స్ ఇక్కడ పనికిరావు. అక్కడ ఏడున్నర అంటే ఏడున్నర. ఇక్కడ రాత్రి తొమ్మిది అంటే తెర లేచేది పదిన్నరకి. అందుకని రెండు టైములు పెట్టా: చెప్పిన టైము, తెర లేచే టైము. ఆ రెండోది హార్మోనియం ఆయన్ని అడిగితేనే నిజం తెలుస్తుంది, కమిటీ వాళ్ళని అడగొద్దు. తర్వాత సీను కాలమ్. హరిశ్చంద్రకి చాలామంది కాటి సీను కోసమే వస్తారు, అది అర్ధరాత్రి దాటాక. "కాటి సీను రెండింటికి" అని రాస్తే, ఒక నిద్ర తీసి లేచి వచ్చేవాళ్ళు ఉన్నారు. వాన పడితే వాయిదా, ఊళ్ళో ఎవరైనా పోతే వాయిదా. కాబట్టి "ఎవరిని అడిగాం, ఎన్నింటికి అడిగాం" అని కూడా ఒక కాలమ్. అడక్కుండా ఏదీ పెట్టను.

మా అమ్మ ఒక ప్రశ్న వేసింది, నా ఇంజనీరు బుర్రకి అసలు తట్టలేదు. "ఆడవాళ్ళకి బాత్రూం ఉందా అక్కడ? రాత్రంతా ఎట్టా కూర్చుంటాం?" బ్రిటన్ లిస్టుల్లో వీల్ చైర్, వినపడనివాళ్ళకి తెర మీద అక్షరాలు, ఇవన్నీ రాసి ఉంటే మర్యాద కోసం రాశారనుకున్నా. కాదు, అది చూసుకునే సగం మంది ఇంట్లోంచి కదులుతారు. ఆ కాలమ్ పెట్టిన తర్వాత రెండు కమిటీలు నాకు ఫోన్ చేసి "పక్కింట్లో మాట్లాడాం, ఉంది అని రాయి" అన్నాయి.

మొన్న శనివారం మూడు వరసలు నిండాయి. తెనాలిలో ఒక అమ్మాయి అరంగేట్రం, రేపల్లె వైపు హరికథ, మన పక్క ఊళ్ళో మళ్ళీ హరిశ్చంద్ర, వారణాసి సీనూ కాటి సీనూ మాత్రమే. చిన్నతాత కూడా ఉన్నాడు. మూడొందల మంది వచ్చారని చెప్పను, నేను లెక్కపెట్టా, నూట నలభై. కుర్రాళ్ళు ఓ పాతికమంది. సగం మంది ఫోన్ చూస్తూనే ఉన్నారు, కానీ పద్యం ఎత్తుకోగానే తలెత్తారు, అది మాత్రం చూశా.

పొద్దున చిన్నతాత ఫోన్. బాగుంది అంటాడేమో అనుకున్నా. "ఒరేయ్, నీ బొమ్మలో నా పేరు హార్మోనియం వాడి పేరు కింద వేశావేందిరా?" మార్చా తాతా. లింక్ కింద ఉంది, మీ ఊళ్ళో ఏదన్నా ఉంటే రెండు టైములూ రాసి పంపండి. ఉంటా.