బరువు తగ్గకుండుట – థైరాయిడ్ పరీక్ష

"తిండి తగ్గించితిమి, నిత్యము నడచుచున్నాము, అయినను బరువు తగ్గదు. ఇది థైరాయిడ్ దోషమేమో!" సికింద్రాబాదు పరేడ్ మైదానము వైపు ప్రాతఃకాలమున నడకకు పోవువారి నోటను, ఇండ్లలోను ఈ మాట తరచుగా వినవచ్చుచున్నది. ఇందలి నిజమెంతయో విచారింతము.

గొంతు ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారమున నున్న చిన్న గ్రంథియే థైరాయిడ్. ఇది ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి, థైరాక్సిన్ అను రసమును తయారుచేసి రక్తములోనికి విడుచును. శరీరమను పొయ్యిలో మంట ఎంత ఉండవలెనో ఈ రసమే నిర్ణయించును. అది తగ్గినచో అలసట, చలికి ఓర్వలేకుండుట, మలబద్ధము, చర్మము పొడిబారుట, ముఖము ఉబ్బుట కలుగును. బరువును కొంత పెరుగును.

అయొడిన్ లోపించినచో గ్రంథి వాచి గలగండమగును. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. దాని స్థాపకుడగు రాబర్ట్ మెక్‌కారిసన్ గిల్గిట్ ప్రాంతమున గలగండమును పరిశోధించిన వైద్యుడు. అయొడిన్ ఉప్పు ఈ వ్యాధిని నివారించును. కాని అది లభించుచోట్ల గ్రంథి మందగించుటకు ముఖ్యకారణము, శరీర రక్షణశక్తియే గ్రంథిపై తిరుగబడుట. దీనికి ఉప్పు మందు కాదు.

ఇక పరీక్ష సంగతి. థైరాక్సిన్ తగ్గినపుడు మెదడు అడుగుననున్న పిట్యూటరీ గ్రంథి, టి.ఎస్.హెచ్. అను రసమును అధికముగా పంపి థైరాయిడ్‌ను తొందరపెట్టును. కావున ఈ అంకె హెచ్చుగా నుండుట గ్రంథి చురుకుదనమునకు కాదు, మందకొడితనమునకు గుర్తు. పెద్దలలో సుమారు 0.4 మొదలు 4 వరకు సాధారణము. వయస్సును, గర్భమును, ప్రయోగశాలను బట్టి కొంత మారును. కొద్దిగా హెచ్చినచో మరల పరీక్షించి, ఫ్రీ టి-4 కూడ చూచిన పిమ్మట వైద్యులు నిర్ణయింతురు. జుట్టు కొరకు బయోటిన్ మాత్రలు వాడువారు ముందుగా ఆ సంగతి చెప్పవలెను. అవి ఫలితమును తారుమారు చేయవచ్చును.

చికిత్స లీవోథైరాక్సిన్ మాత్ర. దీనిని పరగడుపున మంచినీళ్లతో మ్రింగి, అరగంట నుండి గంట ఆగి కాఫీ త్రాగవలెను. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడమ ఉండవలెను. మోతాదు చాలినదా యని 6 నుండి 8 వారములకు మరల పరీక్షింతురు.

ముఖ్యవిషయము ఒకటి. థైరాయిడ్ మందగించుటవలన పెరుగు బరువు సాధారణముగా రెండు మొదలు అయిదు కిలోలే. అందును చాలభాగము ఉప్పు, నీరు. మాత్రతో తగ్గునది అంతమాత్రమే. మిగిలిన బరువునకు ఆహారనియమము, వ్యాయామము తప్పవు. బరువు తగ్గలేదని మాత్ర మానరాదు, స్వయముగా పెంచుకొనరాదు. గర్భిణులు అసలే మానరాదు. గ్రంథి సవ్యముగా నున్నవారు సన్నబడుటకై దీనిని వాడినచో గుండె లయ తప్పును, ఎముకలు పలుచబడును. ఇరుగుపొరుగువారి మాత్ర మనకు మందు కాదని గృహస్థులెల్లరు గుర్తింతురుగాక.