సోనువా వరిచేలో ఒక అంతర్జాతీయ ఒడంబడిక

జంషెడ్‌పూర్ ఉక్కు కొలిముల వెలుగు వెనుకబడిన తరువాత, టాటానగర్ నుండి పడమరకు సాగే రైలు చక్రధర్‌పూర్ దాటి సోనువా అనే చిన్న స్టేషనును చేరుతుంది. చుట్టూ సాల వృక్షాల కొండలు. వాటి నడుమ హో గిరిజనుల వరిచేలు. ఈ ప్రాంతపు గ్రామం ఒకదాని నుండి ఒక వితంతువు, వివాహిత అయిన ఆమె కుమార్తె 1982లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. వారితో పాటు పిటిషనుదారుగా నిలిచినది 'మానుషి' పత్రిక సంపాదకురాలు మధు కిష్వర్.

వారి ఫిర్యాదు సూటియైనది. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం 7, 8 సెక్షన్లు భూమి వారసత్వాన్ని పురుష సంతతికే పరిమితం చేశాయి. హో స్త్రీ నాట్లు వేస్తుంది, కలుపు తీస్తుంది, కోత కోస్తుంది. నాగలి పట్టడం మాత్రం ఆమెకు నిషిద్ధం. పుట్టింటి చేనుపై ఆమెకుండేది అనుభవ హక్కు మాత్రమే. అదీ పెళ్ళితో పోతుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమైనా ఆదుకుంటుందా అంటే, అది షెడ్యూల్డు తెగలకు వర్తించదని అందులోనే వ్రాసి ఉంది.

ఈ వ్యాజ్యం నానుతూ ఉండగానే దేశం ప్రపంచానికి ఒక మాట ఇచ్చింది. స్త్రీల పట్ల సకల వివక్షను నిర్మూలించే ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 1979లో ఆమోదించగా, భారతదేశం 1980లో సంతకం చేసి, 1993లో ధృవీకరించింది. వివక్షాపూరితమైన చట్టాలనే గాక ఆచారాలను సైతం మార్చాలని ఆ పత్రం చెబుతుంది. అయితే ఏ వర్గమైనా తానై ముందుకు వచ్చి సమ్మతించనిదే దాని స్వంత వ్యవహారాలలో జోక్యం చేసుకోబోమని మన ప్రభుత్వం దానికొక ప్రకటన జతపరచింది. కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేత్తో వెనక్కు తీసుకోవడం వంటిదే ఇది!

ఆడపిల్లకు భూమి ఇస్తే అది పరుల పాలవుతుందన్న గిరిజన ప్రతినిధుల భయాన్ని బీహారు ప్రభుత్వం కోర్టుకు విన్నవించింది. ఈ భయాన్ని తేలికగా తీసివేయరాదు. సాక్చీ వంటి పల్లెల నేలపైననే కదా జంషెడ్‌పూర్ లేచినది! భూమి పోవడమంటే ఏమిటో ఆ తెగలకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఆ భయానికి మూల్యం స్త్రీ ఒక్కతే చెల్లించవలసి రావడమే ఇక్కడి చిక్కు.

1996 ఏప్రిల్ 17న తీర్పు వెలువడింది. న్యాయమూర్తులు పుంఛీ, కుల్దీప్ సింగ్ ఆ సెక్షన్లను కొట్టివేయడానికి సమ్మతించలేదు. అయితే జీవనోపాధి హక్కు 21వ అధికరణంలో భాగం గనుక, భూమిపై ఆధారపడిన స్త్రీలు ఆ హక్కుతో ఉన్నంతకాలం పురుషుల వారసత్వ హక్కు నిలిచిపోయి ఉండాలన్నారు. అంటే ఆమెకు నీడ దొరికింది, యాజమాన్యం దొరకలేదు.

మూడవ న్యాయమూర్తి కె. రామస్వామి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి వెళ్ళినవారు. ఆయన ఒడంబడికను చేతబట్టి, గిరిజన స్త్రీకి పురుషునితో సమానమైన వాటా, సంపూర్ణ హక్కుతో, చెందాలని వ్రాశారు. అది మైనారిటీ తీర్పు. మరుసటి సంవత్సరమే విశాఖ కేసులో, దేశీయ చట్టం లేనిచోట ఇదే ఒడంబడికను ప్రాథమిక హక్కులతో కలిపి చదవవచ్చునని సుప్రీంకోర్టు నిర్ణయించింది. సోనువా కేసులో ఎదురుగా ఒక చట్టం ఉంది; అది స్త్రీకి ప్రతికూలమైనది.

హిందూ వారసత్వ చట్టంలోని మినహాయింపును సవరించే విషయం ఆలోచించవలసిందిగా సుప్రీంకోర్టు 2022లో కేంద్రాన్ని కోరింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం ఒకదానిలో స్త్రీకి సమాన వాటా ఇచ్చింది. స్త్రీలను మినహాయించే ఆచారం ఉన్నట్లు రుజువు కాలేదన్నది అందుకొక కారణం. సింగ్‌భూమ్‌లో అటువంటి రుజువు ఎవరూ తేనక్కరలేకపోయింది. అక్కడ ఆచారం 1908లోనే చట్టమై కూర్చుంది.