మీకు తెలుసా? పొలుసులే ఈ చేప భోజనం

వండేముందు మనం గీకి పారేసే పొలుసులనే తిని బతికే చేప ఒకటుంది. దాని పేరు పెరిస్సోడస్ మైక్రోలెపిస్. ఊరు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు. టాంజానియా, కాంగో, బురుండి, జాంబియా దేశాల మధ్య పరుచుకున్న ఈ సరస్సు లోతులో ప్రపంచంలోనే రెండోది. చేప మాత్రం పది పన్నెండు సెంటీమీటర్లే.

వేరే చేప వెనకగా చేరి, అదను చూసి పక్కమీద పళ్లు దించి, దొరికినన్ని పొలుసులు ఊడబీక్కుని పారిపోతుంది. దెబ్బతిన్న చేప సాధారణంగా చావదు, పోయిన పొలుసులు మళ్లీ మొలుస్తాయి. ఎండు పొలుసులో ఏముంటుందని అనుకోవద్దు. అందులో ప్రోటీన్ ఉంది, కాల్షియం ఉంది, పైన పట్టి ఉండే జిగురూ ఆహారమే.

అసలు వింత దాని నోటిలో ఉంది. అది తిన్నగా ఉండదు. కొన్నిటికి కుడికి, కొన్నిటికి ఎడమకు తిరిగి ఉంటుంది. నోరు కుడికి తిరిగినది ఎర చేప ఎడమ పక్కను కొరుకుతుంది, ఎడమకు తిరిగినది కుడి పక్కను. పిల్లచేపలు మొదట్లో రెండు వైపులా ప్రయత్నించి, తింటూ తింటూ తమ నోటికి కుదిరే పక్కకు అలవాటు పడతాయని జపాన్ శాస్త్రవేత్తల ప్రయోగాల్లో తేలింది.

మరి రెండు రకాల్లో ఒకటే ఎందుకు మిగిలిపోలేదు? జపాన్ శాస్త్రవేత్త మిచియో హోరి పదేళ్లకు పైగా లెక్కలు తీసి, 1993లో ‘సైన్స్’ పత్రికలో జవాబిచ్చారు. కుడినోటి చేపలు పెరిగితే, ఎర చేపలు తమ ఎడమ పక్కను ఎక్కువగా కాచుకుంటాయి. కుడి పక్కను అంతగా పట్టించుకోవు. అప్పుడు తక్కువగా ఉన్న ఎడమనోటి చేపలకు తిండి సులువుగా దొరుకుతుంది, వాటి సంతానం పెరుగుతుంది. కొన్నేళ్లకు పరిస్థితి తిరగబడుతుంది. అందుకే రెండు రకాలూ ఇంచుమించు సగం సగం దగ్గరే ఊగుతుంటాయి. మందలో తక్కువగా ఉండటమే బలం కావడాన్ని ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణలు ప్రకృతిలో అరుదు. జీవశాస్త్ర పాఠాల్లో దీనికి చోటు దక్కింది అందుకే.

పొలుసులు తినే చేప కోసం ఆఫ్రికా దాకా వెళ్లక్కర్లేదు కూడా. భారత ఉపఖండపు నదుల్లో, చెరువుల్లో తిరిగే చందా నామా అనే చిన్న చేప ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది, లోపలి ఎముకలు బయటికి కనిపిస్తాయి. అదీ ఇతర చేపల పొలుసులు పీక్కుని తింటుంది.