చేతికి అబ్బే చదువు

రండర్రా, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. మన పెద్దమ్మాయి ఎంబీబీఎస్‌లో చేరిన దగ్గర్నుంచీ మీది ఒకటే ప్రశ్న: "తాతయ్యా, సూది వెయ్యడం పుస్తకంలో చదివి నేర్చుకుంటారా?" అని. మంచి ప్రశ్నే. డాక్టరు చదువులో చదివితే వచ్చేది కొంత, చేస్తేనే వచ్చేది కొంత. ఆ రెండోదాని కబుర్లు చెబుతాను.

ముందు ఓ చిన్న పని చెయ్యండి. ఎడమచేతి నడిమివేలు ఛాతీకి కుడివైపు, మెడ ఎముక కింద గట్టిగా ఆనించండి. మిగతా వేళ్లు తగలకూడదు. ఇప్పుడు కుడిచేతి నడిమివేలు వంచి, ఎడమచేతి వేలి గణుపు మీద టక్కున కొట్టి వెంటనే తీసెయ్యండి. మోచెయ్యి కదపొద్దు, మణికట్టు ఒక్కటే ఆడాలి. బోలుగా మోగిందా? అది ఊపిరితిత్తిలో గాలి. అలాగే కొట్టుకుంటూ కిందికి దిగండి. పక్కటెముకల కిందిభాగానికి వచ్చేసరికి శబ్దం మొద్దుబారుతుంది. అక్కడుంది కాలేయం. చూశారా, పొట్ట కొయ్యకుండానే దాని చోటు పట్టేశారు!

ఈ విద్య కనిపెట్టినాయన ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగర్. వాళ్ల నాన్న గ్రాట్జ్ పట్టణంలో పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. ద్రాక్షసారా పీపాలో సరుకు ఎంతవరకుందో పైన కొట్టి చూసేవారట. అదే ఆయనకు మనిషి ఛాతీ దగ్గర తట్టిందంటారు. 1761లో పుస్తకం వేశాడు. చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు పాపం. 1808లో నెపోలియన్ వైద్యుడు కొర్విసార్ దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాక గానీ పేరు రాలేదు.

సరే, మీరు ఇప్పుడు ఓసారి కొట్టారు. వచ్చే నెల అడిగితే మోచెయ్యి మళ్లీ ఊగుతుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అందుకే వైద్య కళాశాలలో ఎవరు ఏ వారం ఏ వార్డులో ఉండాలో రాసే టైంటేబుల్‌కి అంత విలువ. ఏటా నూటయాభై మంది చేరే కాలేజీ అనుకోండి. అందరూ ఒక్క మంచం చుట్టూ మూగితే రోగి ప్రాణం విసిగిపోదూ? చిన్న చిన్న బ్యాచ్‌లు చేసి, ఒకదాన్ని మెడిసిన్‌కి, ఒకదాన్ని సర్జరీకి, ఒకదాన్ని పిల్లల వార్డుకి, ఒకదాన్ని కాన్పుల వార్డుకి పంపి, కొన్ని వారాలకోసారి మారుస్తారు. పోస్టింగులంటారు వాటిని. గుండె గురించి పాఠం విన్న వారంలోనే గుండె రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టే వీలు దొరికితే ఆ పాఠం మనసులో నాటుకుంటుంది. వానాకాలంలో మెడిసిన్ వార్డుకొచ్చిన బ్యాచ్‌కి డెంగీ, మలేరియా జ్వరాలు బాగా కనిపిస్తాయి, ఎండాకాలం వాళ్లకి అంతగా కనిపించవు. టైంటేబుల్ వేసేవాళ్లు ఇదంతా చూసుకోవాలి.

ఇంకో ముచ్చట. కెనడాలోని టొరంటోలో కుర్ర సర్జన్లకి సన్నని రక్తనాళాలు కలిపి కుట్టడం నేర్పారు. అందరికీ నాలుగు పాఠాలే. సగం మందికి నాలుగూ ఒక్కరోజులో చెప్పేశారు, మిగతా వాళ్లకి వారానికొకటి చొప్పున చెప్పారు. నెల పోయాక పరీక్షిస్తే, వారానికొకటి నేర్చుకున్నవాళ్ల చెయ్యే బాగా తిరిగింది. 2006లో ఆ సంగతి అచ్చయింది. మిరపతోటకి నాలుగు తడుల నీళ్లు ఒక్కరోజే పెట్టేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తడికీ తడికీ మధ్య వేరుకి వ్యవధి కావాలి. చేతికీ అంతే.

మరి మొదటి తప్పులు ఎవరి మీద చెయ్యాలి? బొమ్మల మీద చెయ్యాలి! నార్వేలో ఆస్మండ్ లేర్డల్ అని బొమ్మల తయారీదారు ఉండేవాడు. నీళ్లలో మునగబోయిన తన చిన్నకొడుకుని తనే కాపాడుకున్నాడు. 1960లో డాక్టర్లు చెప్పినట్టు మనిషంత బొమ్మ చేశాడు. నోట్లో ఊదితే దాని ఛాతీ పైకి లేస్తుంది. పారిస్‌లో సేన్ నదిలో దొరికిన పేరు తెలియని అమ్మాయిదని చెప్పుకునే ముఖాన్ని దానికి పెట్టాడు. లోకంలో ఎంతమంది ఆ ముఖం మీద ఊపిరి పొయ్యడం నేర్చుకున్నారో! మన దేశంలోనూ 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మారింది. మొదటి ఏడాదిలోనే రోగుల దగ్గరికి తీసుకెళ్లడం, బొమ్మల మీద సాధనకి స్కిల్ ల్యాబ్ పెట్టడం అందులో ఉన్నాయి. నన్నడిగితే ఈమధ్య జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. ల్యాబ్ గదికి తాళం వేసి ఉంచితే మాత్రం లాభం లేదు, పిల్లలు మళ్లీ మళ్లీ వెళ్లే వేళలు టైంటేబుల్‌లో ఉండాలి.

ఆగిన గుండెని నొక్కే సీపీఆర్ మీరూ నేర్చుకోవచ్చు. పెద్దవాళ్లకైతే రొమ్ము ఎముక మీద, ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. కొన్ని నెలలు వదిలేస్తే డాక్టర్ల చేతులే ఆ లెక్క తప్పుతాయి. కాబట్టి మీ బడిలో ఎవరైనా బొమ్మ తెచ్చి నేర్పుతామంటే ముందు వరసలో కూర్చోండి. ఆరు నెలలయ్యాక వాళ్లని మళ్లీ పిలిపించమని మాస్టారిని అడగండి.