వదంతి కంటె ముందుగా శాస్త్ర వార్త చేరాలి

టేకులపల్లి: 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అటవీ ప్రాంతం కేంద్రంగా భూకంపం సంభవించింది. జాతీయ భూకంప అధ్యయన కేంద్రం దీని తీవ్రతను 5.3గా నమోదు చేసింది. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలతో పాటు హైదరాబాదు వరకు ప్రకంపనలు కలిగాయి. తీవ్రత ఎంత, కేంద్రం ఎక్కడ అన్న వివరాలు కొద్దిసేపటిలోనే ప్రసారమయ్యాయి. అయితే ఇటువంటి వేళ ప్రజలు అడిగేవి వేరు: ఎందుకు వచ్చింది, మరల వచ్చునా, ఇంటిలోనికి పోవచ్చునా? వీటికి సమాధానం లేని వార్త సగం వార్త మాత్రమే.

ఇల్లెందు, కొత్తగూడెం పట్టణాల నడుమ అడవి అంచున ఉన్న టేకులపల్లి మండలంలో కోయ, లంబాడా గిరిజనులు అధిక సంఖ్యలో నివసిస్తున్నారు. నేటి తరానికి భూకంపం కొత్త కావచ్చును గాని ఈ నేలకు కొత్త కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. గోదావరి లోయ అతి పురాతన కాలంలో భూమి పైపొర చీలి, కుంగి ఏర్పడిన పగులు లోయ. ఆ పల్లంలో పేరుకొనిపోయిన వృక్ష అవశేషాలే కోట్ల సంవత్సరాలలో బొగ్గుగా మారాయి. సింగరేణి గనులకు ఆధారమైన ఆ నిర్మాణంలోనే పాత పగుళ్ల వెంబడి ఒత్తిడి విడుదలైనప్పుడు భూమి కంపిస్తుంది. 2002 నాటి భూకంప మండలాల పటంలో హైదరాబాదును రెండవ మండలంలోను, భద్రాచలం ప్రాంతాన్ని మూడవ మండలంలోను చూపడానికి కారణం ఇదే. బొగ్గు గనుల నడుమ పెరిగిన శ్రోతకు ఈ విషయం నాలుగు వాక్యాలలో బోధపడుతుంది. ఆ నాలుగు వాక్యాలకు వార్తలో చోటు దొరకకపోవడమే విచారకరం.

తీవ్రత అంకెల విషయంలోనూ వివరణ అవసరం. ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఈ లెక్క తెలిసిన విలేకరి 5.3కు "పెను భూకంపం" అన్న శీర్షిక పెట్టడు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఫలానా రోజున, ఫలానా చోట భూకంపం వస్తుందని ముందుగా చెప్పగల విధానం ప్రపంచంలో ఎక్కడా లేదు. ప్రధాన ప్రకంపన తరువాత చిన్న ప్రకంపనలు రావచ్చును. బీటలు వారిన ఇంటిలోనికి వెంటనే పోరాదు. "ఈ రాత్రికి మరొకటి" అని సెల్‌ఫోన్లలో తిరిగే సందేశానికి ఇదే సరియైన జవాబు. దీనిని తొలి వార్తలోనే చేర్చాలి. ఖండన ప్రకటన మరునాడు వెలువడితే ఆ రాత్రి పసిపిల్లలతో ఆరుబయట గడిపిన వారికి అది ఉపకరించదు. అధికారులు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థను సంప్రదించి, తెలిసినంతవరకైనా వెంటనే వెల్లడించడం మేలు. మౌనం వదంతికి చోటిస్తుంది.

శాస్త్ర సమాచారం సామాన్యునికి అర్థం కాదన్న వాదన సరికాదు. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక. ఈ అంకెలు తీర గ్రామాల వారికి కంఠస్థం. ఏటేటా ప్రసారాలలో విని నేర్చుకొన్నవే. 2022 జూలైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు, దానిని 1986 నాటి 75.6 అడుగులతో పోల్చి చూడవలసినదని వారికి వేరుగా చెప్పనక్కరలేకపోయింది.

పిడుగుల సమాచారానికి మాత్రం ఇంకా అంతటి ప్రచారం లభించలేదు. పూణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీపంలోని పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. సెల్ సిగ్నల్ అందని అటవీ ఆవాసాలకు రేడియో, గ్రామ చాటింపే ఆధారం. ఉరుము వినిపించినపుడు ఎత్తైన చెట్టు క్రింద నిలువరాదని, వీలైనంత త్వరగా పక్కా భవనానికి చేరాలని కోయ, లంబాడీ భాషలలో కూడా చెప్పడం అవసరం. వేసవిలో తునికాకు సేకరించేవారు తెల్లవారుజామునే అడవికి పోతారు గనుక ఈ హెచ్చరిక ముందురోజు సాయంకాలపు ప్రసారంలోనే ఉండాలి.